మిద్దెమీది ఎండ, ఇంటిలోని చలువ

చెన్నపట్టణమునకు ఉత్తరమున, రేవు నానుకొనియున్న రాయపురమునుండి 1856వ సంవత్సరము జూలై 1వ తేదీన దక్షిణ భారతమున మొట్టమొదటి రైలు మార్గము ప్రజలకు తెరువబడినది. ఆ మార్గమున కీవలి కొన యైన స్టేషను భవనము ముందు స్తంభముల వరుసతో, ఎత్తైన లోకప్పుతో నేటికిని నిలిచియున్నది. విసనకర్రయు, పంకాలాగు కూలివాడును తప్ప గాలికి వేరు సాధనము లేని ఆ దినములలో కట్టడము కట్టువారు ఎండను గూర్చి తలపోయక పునాది తీసెడివారు కారు. గోడ మందము, వసారా నీడ, కప్పు ఎత్తు, ఈ మూడే వారి యంత్రములు. ఆ యంత్రములకు బిల్లు లేదు. మరమ్మతు అంతకన్నను లేదు. స్టేషను చుట్టుపట్ల, వాషర్‌మన్‌పేట ఎం.సి. రోడ్డువరకును, ఇటు కాశిమేడు చేపలరేవువరకును, తెలుగు కుటుంబములు తరతరములుగా కాపురముండు సందులలో నేడు లేచుచున్న మూడంతస్తుల కాంక్రీటు ఇండ్లకు ఆ మూడింటిలో ఒక్కటియు లేదు. కావున సూర్యుని వేడిమితోనే ఇంటిని చల్లబరుపవచ్చునా యను ప్రశ్నకు ప్రపంచములోని విజ్ఞానశాలలన్నియు ఏమి బదులు చెప్పినను, రాయపురపు మిద్దె చెప్పు బదులు వేరుగా విచారింపవలసియున్నది.

రాయపురము 13 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. ఏప్రిల్ చివరి వారమున నొకసారి, ఆగస్టు మూడవ వారమున మరియొకసారి, మిట్టమధ్యాహ్నము సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. ఆ వేళ నిలువు కంబమునకు నీడ కానరాదు. ఇట్టిచోట ఎండదెబ్బ ప్రధానముగా గోడకు కాక కప్పుకు తగులును. ఏడాది పొడుగున సగటు తీసినను, చదరపు మీటరు మిద్దెపై దినమునకు సుమారు 5 యూనిట్ల సౌరశక్తి పడుచున్నది. అనగా నూరు చదరపు మీటర్ల మిద్దెపై ఒక్క పగటిలో 500 యూనిట్లు! తమిళనాట విద్యుత్తు బిల్లు రెండు నెలల కొకసారి వచ్చును. ఆ రెండు నెలలలో 500 యూనిట్ల గీత దాటకుండ దీపములు ఆర్పుకొనుచు తిరుగు గృహిణి నెత్తిమీద, అంత శక్తియు ప్రతిదినము పడి వ్యర్థమగుచున్నది. వ్యర్థ మనుటయు సరికాదు, అందులో కొంత ఇంటిలోనికి దిగుచున్నది.

పాత మద్రాసు మిద్దెలో ఇది దిగుటకు చాల కాలము పట్టెడిది. టేకు దూలములపై సన్నని ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసలలో సున్నముతో పేర్చి, దానిపై ఇటుకజల్లి కలిపిన సున్నపు కాంక్రీటు పరచి, కరక్కాయ నానిన నీటిని, బెల్లపు నీటిని చల్లుచు, వరుసగా కూర్చున్న కూలిస్త్రీలు కొయ్య చెక్కలతో దినముల తరబడి కొట్టగా గట్టిపడిన ఆ కప్పుపై చివరకు పలుచని పెంకు బిళ్ళలు పరచెడివారు. దాని మందమునకు, బరువునకు, మధ్యాహ్నపు ఎండ అడుగునకు చేరులోపల ప్రొద్దు వాలి సముద్రపు గాలి ఇల్లంతయు తిరిగిపోయెడిది. నేటి నాలుగైదు అంగుళముల కాంక్రీటు పలక అట్లు కాదు. మధ్యాహ్నము పీల్చిన వేడిని మూడు నాలుగు గంటల ఆలస్యముతో క్రిందికి పంప మొదలిడి, రాత్రివరకును పంపుచుండుట దాని స్వభావము. అందుచేతనే పై అంతస్తులో నివసించువారికి మధ్యాహ్నముకన్న రాత్రి తొమ్మిది గంటలకు, అన్నము తిని పడుకొను వేళకు, కప్పు నుండి సెగ దిగుచున్నట్లు తోచును. అది భ్రమ కాదు. చేయి పైకెత్తి లోకప్పునకు ఆనించిన తెలియును.

ఈ సెగకు అతిచవుక యైన విరుగుడు సున్నము. ముదురు సిమెంటు కప్పు తనపై పడు ఎండలో మూడింట రెండు వంతులు పీల్చుకొనగా, క్రొత్తగా సున్నము కొట్టిన కప్పు మూడింట రెండు వంతులకు పైగా వెనుకకు త్రిప్పి పంపును. తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిలులో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానము ఈ సూత్రముపైనే నిలిచియున్నది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పును, అందు 200 హైదరాబాదులోనే, ఇట్లు మార్చవలెనని దాని సంకల్పము. దీనిని సూర్యశక్తితో చల్లబరచుట యనవచ్చునా యని శాస్త్రజ్ఞులు వాదింపవచ్చును. నా మట్టుకు, రానిచ్చిన వేడిని ఖర్చుపెట్టి బయటికి తోలుటకన్న గుమ్మములోనే ఆపుట మేలని చెప్పుటకు వెనుదీయను.

అయినను సున్నము ఇంటిని వెలుపలి గాలికన్న చల్లగా చేయజాలదు. అంతకు మించి కావలెనన్న యంత్రము వలయును. చెన్నపట్టణమునకు ఆ మించిన చలువ మొదట యంత్రమువలన కాక ఓడలో వచ్చినది. మాసచూసెట్స్ చెరువులపై శీతకాలమున గడ్డకట్టిన మంచును కోసి, రంపపు పొట్టులో పొదిగి, భూగోళపు సగము చుట్టు త్రిప్పి ఫ్రెడరిక్ ట్యూడర్ అను అమెరికా వర్తకుడు 1833లో కలకత్తాకు చేర్చెను. తరువాత దాదాపు 1842లో మెరీనా తీరమున మంచు నిలువచేయుటకు కట్టించిన ఇల్లు నేడు వివేకానందర్ ఇల్లము. స్వామి వివేకానందులు 1897 ఫిబ్రవరిలో బస చేసిన నాటికి ఆ వ్యాపారము అంతరించి, ఇల్లు చేతులు మారియుండెను. ఇచ్చటనే యంత్రముతో మంచు చేయుట తెలిసిన తరువాత ఓడమంచు నెవరు కొందురు?

ఎండతో మంచు చేయవచ్చునని మొదట లోకమునకు చూపినవాడు ఆగస్టిన్ ముషో అను ఫ్రెంచి గణితోపాధ్యాయుడు. 1859లో ఫెర్డినాండ్ కార్రే అనునతడు అమ్మోనియాను నీటిలో కరగించి, వేడితో దానిని నీటినుండి వెడలగొట్టి, చల్లార్చి, మరల ఆవిరి కానిచ్చి మంచు పుట్టించు యంత్రమును కనిపెట్టెను. దానికి కావలసిన వేడి బొగ్గునుండియే రావలెనన్న నియమమేమి యని ముషో తలచెను. 1878 పారిస్ విశ్వప్రదర్శనమున, పెద్ద గరాటువంటి అద్దముతో ఎండను ఒక బాయిలరుపై కూర్చి, ఆ వేడితో కార్రే యంత్రమును నడపి, చూచువారి యెదుట మంచుగడ్డను తీసెను. ఆ 1878లోనే మన బొంబాయిలో, హైకోర్టు డిప్యూటీ రిజిస్ట్రారుగా నుండిన విలియం ఆడమ్స్ చదునైన అద్దముల వరుసలతో నీటిని మరిగించి రెండున్నర అశ్వశక్తుల ఆవిరి ఇంజనును నడపి, ఉష్ణదేశములకు బొగ్గు బదులు ఎండ చాలునని ఒక గ్రంథమే వ్రాసెను. బొగ్గు చవుక యైనది. ఇద్దరిని లోకము మరచినది. కోర్టు కాగితముల నడుమ కూర్చుండియు ఆ ఉద్యోగికి కలిగిన ఊహ, నూటముప్పదియేండ్ల తరువాత మన ప్రయోగశాలలకు తిరిగివచ్చినది.

తెలుగువారికి ఎండనుండి ఆవిరి పుట్టించు సంగతి క్రొత్త కాదు. 2002లో తిరుమల అన్నప్రసాద భవనముపై అమర్చిన 106 షెఫ్లర్ అద్దపు పళ్లెములు సూర్యుని వెంట తిరుగుచు దినమునకు నాలుగు టన్నుల ఆవిరిని వంటశాలకు పంపుటకై నిర్మింపబడినవి. ఆ పళ్లెములతోనే, ఆ ఆవిరితోనే, వంటకు బదులు చలువ పుట్టింపవచ్చును. గుజరాతులో గోరజ్‌లోని ముని సేవాశ్రమమువారు 2008 ప్రాంతమున నూరు పళ్లెములతో తమ ఆస్పత్రికి నూరు టన్నుల శీతలీకరణమును ఏర్పరచుకొనిరి. ఒక టన్ను శీతలీకరణ మనగా ఇరువదినాలుగు గంటలలో ఒక టన్ను మంచును కరగించునంతటి వేడిని తొలగించు శక్తి, మూడున్నర కిలోవాట్లు. మనము దుకాణములో ఒకటిన్నర టన్ను ఎ.సి. యని అడుగునప్పుడు ఈ కొలతనే వాడుచున్నాము.

వేడితో చలువ యెట్లు పుట్టునో ఒకింత దగ్గరగా చూడవలెను. ఇండ్లను చల్లబరచు శోషణ యంత్రములలో అమ్మోనియాకు బదులు సాధారణముగా నీటినే వాడుదురు. గాలిని దాదాపుగా తోడివేసి, లోపలి పీడనమును వాయుమండలపు పీడనములో సుమారు నూటపదియారవ వంతునకు దించిన ఉక్కు పాత్రలో నీరు 5 డిగ్రీల వద్దనే మరుగును. మరుగుటకు కావలసిన వేడిని చుట్టునున్న గొట్టములలోని నీటినుండి లాగుకొనును. అట్లు చల్లబడిన గొట్టపు నీటినే గదులకు పంపుదురు. కాని ఆవిరి పాత్రలో నిండిపోయినచో పీడనము పెరిగి మరుగుట ఆగిపోవును. అందుకై ప్రక్కగదిలో లిథియం బ్రోమైడు అను లవణపు చిక్కని ద్రావణమును చల్లుచుందురు. వానకాలమున వంటింటి జాడీలోని ఉప్పు గాలిలోని చెమ్మను తాగి కరగునట్లు, ఈ లవణము ఆవిరిని అంతయు పీల్చివేయును. పీల్చి పలుచనైన ద్రావణమును 85, 90 డిగ్రీల వేడినీటితో కాచినచో నీరు ఆవిరియై విడివడును, ద్రావణము మరల చిక్కబడును. ఆ వేడినీటిని ఇచ్చునదియే సూర్యుడు. కదలు భాగములు చిన్న పంపులు మాత్రమే. కంప్రెసరు లేదు, దాని రొద లేదు. ఇంత సొంపైన యుక్తి శీతలీకరణ శాస్త్రమున మరియొకటి లేదని నా అభిప్రాయము.

ఇంత సొంపైనది రాయపురమున ఏల కనబడదు? లెక్క చెప్పును. పై యంత్రమునకు ఒక యూనిట్టు వేడి ఇచ్చినచో 0.7 యూనిట్టు చలువ ఇచ్చును. మిద్దెపై నుంచిన గ్రాహకము తనపై పడిన ఎండలో సగమునే ఆ వేడినీటిగా మార్చగలదు. వెరసి నూరు పాళ్ల ఎండకు ముప్పదియైదు పాళ్ల చలువ. ఇక నేటి సౌర ఫలకము ఎండలో ఇరువది పాళ్లు విద్యుత్తుగా మార్చును, మంచి ఎ.సి. ఒక యూనిట్టు విద్యుత్తుతో మూడున్నర యూనిట్ల వేడిని తోడివేయును. వెరసి డెబ్బది పాళ్లు. అదే మిద్దెపై రెండింతల చలువ! ఇరువదియేండ్ల క్రిందట ఫలకముల ధర ఆకాశమున నుండినప్పుడు ఈ పోలిక వేరుగా నుండెను. ధర పడిపోయిన నాటినుండి ఎండవేడిని నేరుగా వాడు యంత్రములు పెద్ద కట్టడములకే పరిమితమైనవి. అద్దపు పళ్లెములకు మరియొక చిక్కు కలదు. అవి సూర్యబింబమునుండి సూటిగా వచ్చు కిరణములనే కూర్చగలవు. సముద్రతీరపు మసక గాలిలో ఎండ చాలభాగము చెదరి నలుదిక్కులనుండి వచ్చును. రాజస్థానపు ఎండకు చేసిన పళ్లెము రాయపురమున అంత పని చేయదు.

నన్ను లెక్కలలో అన్నింటికన్న ఎక్కువగా కలవరపెట్టినది నీరు. శోషణ యంత్రము గదినుండి తీసిన వేడిని, సూర్యునినుండి తీసికొన్న వేడిని, రెండింటిని కలిపి కూలింగ్ టవరు ద్వారా వెలుపలికి పారద్రోలవలెను. అది నీటిని ఆవిరిచేసియే చేయును. ఒక టన్ను శీతలీకరణమునకు గంటకు సుమారు 12 లీటర్ల నీరు ఇట్లు గాలిలో కలసిపోవును. పది టన్నుల యంత్రము పగలు ఎనిమిది గంటలు నడచిన దాదాపు వేయి లీటర్లు. 2019 వేసవిలో చెన్నపట్టణపు జలాశయములన్నియు ఎండిపోగా, ఆ జూలైలో జోలార్‌పేట నుండి రైలు టాంకులలో నీరు తెచ్చుకొన్న ఊరిది; రాయపురపు సందులలో రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు వరుసకట్టి లారీకై ఎదురుచూచుట నేటికిని వింత కాదు. బిందె నీటికి తగవులాడుకొను వీధిలో, గదిని చల్లబరచుటకై దినమునకు వేయి లీటర్లు ఆవిరిచేయు యంత్రమును ఎవరు నిలుపగలరు? ఉప్పునీరు ప్రక్కనే యున్నదందురా, అది గొట్టములను తినివేయును.

ఎండకన్న ఉక్క పెద్ద శత్రువగుట ఈ తీరపు విశేషము. 2003 మే 31న నగరమున నమోదైన 45 డిగ్రీల వంటి వేడి, పడమటి గాలి బలమై సముద్రపు గాలిని రానీయని దినములకు చెందినది. తక్కిన దినములలో మధ్యాహ్నమునకు సముద్రపు గాలి వచ్చును, వేడి తగ్గును, ఒళ్లు మాత్రము జిడ్డుకట్టును. సాయంకాలము 32, 33 డిగ్రీల వద్దనున్న ఆ గాలి కిలో ఒక్కింటికి ఇరువది గ్రాములకు పైగా నీటి ఆవిరిని మోయుచుండును. మనిషికి సుఖమిచ్చు గాలిలో అది పది గ్రాములు. బయటి గాలిని 25 డిగ్రీలకు చల్లబరచుటకు పట్టు శ్రమకన్న, ఈ అధికపు చెమ్మను పిండుటకు పట్టు శ్రమ మూడు రెట్లు ఎక్కువ. కర్నూలులోను, అనంతపురములోను హాయి నిచ్చు ఎయిర్ కూలరు ఇక్కడ తడిగాలిని మరింత తడిపి ఊరకుండుటకు కారణ మిదియే.

సూర్యుని వేడికి రాయపురమున సరియైన ఉద్యోగము ఇక్కడ దొరకును. సిలికాజెల్ అను గుల్లల పదార్థముగాని, లిథియం క్లోరైడు ద్రావణముగాని గాలిలోని చెమ్మను పీల్చును. పీల్చి తడిసిన దానిని 60, 80 డిగ్రీల వేడితో ఆరబెట్టి మరల వాడవచ్చును. అంతపాటి వేడిని స్నానమునకు నీళ్లు కాచు సోలార్ హీటరు వంటి చదును గ్రాహకమే ఇయ్యగలదు. దానికి చెదరిన ఎండయు పనికివచ్చును, అద్దములు తిరుగ నక్కరలేదు. చెమ్మను ఎండకు ఒప్పగించి, మిగిలిన కొద్దిపాటి చల్లదనమును కంప్రెసరునకు వదలినచో రెండును తేలికగా నడచును. చెన్నైలోని ఐ.ఐ.టి. శీతలీకరణ ప్రయోగశాలలో ఆచార్య ఎస్. శ్రీనివాసమూర్తిగారు, వారి సహచరులు వేడితో నడచు శీతలయంత్రములపైని, లోహ హైడ్రైడులపైని దశాబ్దముల తరబడి చేసిన పరిశోధన ఈ కోవకు చెందినది. బయటి గాలిని ఎడతెగక లోనికి తీసికొనవలసిన శస్త్రచికిత్స గదులు గల కట్టడములకు ఈ పద్ధతి వలన లాభము అధికము. రాయపురపు పొలిమేరలోని స్టాన్లీ ఆస్పత్రి వంటి పెద్ద వైద్యాలయముల మిద్దెలు ఇందుకు తగిన చోట్లు. ఒంటి గదిలో కాపురముండు కుటుంబమునకు మాత్రము ఇది ఇంకను అందని పండు.

ఆ కుటుంబమునకు అందునది ఫలకము. ఒక కిలోవాటు ఫలకములకు పది చదరపు మీటర్ల చోటు కావలెను. దినమునకు నాలుగు యూనిట్లు వచ్చును. మే నెల మధ్యాహ్నమున ఫలకము తానే 60 డిగ్రీలకు పైగా కాగి, తన శక్తిలో ఏడవ వంతు వరకు పోగొట్టుకొనును. రేవు మసియు, ఉప్పుపొరయు కడుగకున్న మరికొంత పోవును. అయినను అది చేయు రెండవ ఉపకారమును అమ్మువారు చెప్పరు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో శాస్త్రజ్ఞులు 2011లో కొలిచి చూడగా, ఫలకముల నీడనున్న కప్పు ద్వారా ఇంటిలోనికి దిగు వేడి 38 పాళ్లు తగ్గినది. అనగా విద్యుత్తు పుట్టక మునుపే ఎ.సి. పని కొంత తీరినది.

ఎ.సి. వాడకము రాత్రిది, ఎండ పగటిది. ఈ ఎడబాటును తీర్చుటకు బ్యాటరీ నందరును తలతురు, ఆ ఖర్చునకు వెనుదీయుదురు. కాశిమేడువారు ఇంకొక దారిని ఏనాటినుండియో ఎరుగుదురు. ఐసు ఫాక్టరీలో పెద్ద తొట్టిలోని ఉప్పునీటిని అమ్మోనియా యంత్రము సున్నకు దిగువను పది డిగ్రీలవరకు చల్లార్చును. అందులో ముంచిన రేకు డబ్బాలలో మంచినీరు దిమ్మలు కట్టును. ఆ దిమ్మలను పొడిచేసి పడవల అరలలో నింపుకొని జాలరులు దినముల తరబడి సముద్రముపై నుందురు. కిలో మంచు కరగునప్పుడు 334 కిలోజౌళ్ల వేడిని మింగును. కావున చలువను దాచుటకు మంచుకన్న చవుక పాత్ర లేదు. టన్ను మంచునకు 50 నుండి 70 యూనిట్ల విద్యుత్తు పట్టుననుకొనినచో, నూరు కిలోవాట్ల ఫలకములు పగటిలో ఆరేడు టన్నుల మంచును చేయగలవు. రాత్రి చవుక విద్యుత్తుతో మంచు కట్టి పగలు దానితో గదులను చల్లబరచు పద్ధతి పెద్ద కట్టడములలో అనేక దేశములందు నడచుచున్నది; దానినే త్రిప్పి, పగటి ఎండతో మంచు కట్టి రాత్రి వాడుకొనవచ్చును. చేపలరేవున అయితే ఆ మంచును గదులకు మార్చవలసిన పనియు లేదు, నేరుగా పడవ కెక్కించుటయే. రాయపురమున సూర్యునిచే చలువ పుట్టించు మొదటి కర్మాగారము వెలయవలసిన చోటు నివాసగృహము కాదు, ఈ రేవు.

ఇండ్ల సంగతి వచ్చునప్పటికి చిక్కు శాస్త్రముది కాదు, పొత్తుది. నూరు చదరపు మీటర్ల మిద్దె క్రింద ఆరు కాపురములున్నచో, మిద్దె అంతయు ఫలకములతో కప్పినను ఒక్కొక్కరి వంతు ఒకటిన్నర కిలోవాటుకు కొంచెము పైన. అందులోనే నీళ్ల టాంకులు, బట్టలారవేయు తాళ్లు, వేసవిలో ఎండబెట్టు వడియములు. మిద్దె ఎవరిదను వాదము తెగక ఎన్నియో ఇండ్లపై ఎండ ఊరక పడుచున్నది. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన పి.ఎం. సూర్యఘర్ పథకము సొంత ఇంటివారికి మూడు కిలోవాట్లు, ఆపై అమర్చుకొన్నచో 78,000 రూపాయలు, నివాస సంఘములకు ఉమ్మడి వాడకమునకు కిలోవాటుకు 18,000 రూపాయలు సహాయముగా ఇచ్చుచున్నది. ఈ అధ్యాయము చదివిన రాయపుర వాసులు, అద్దెవారిని కూడ కూర్చుండబెట్టుకొని, మిద్దెలో ఏ భాగము ఫలకములకు, ఏ భాగము సున్నమునకు, ఏ భాగము వడియములకు అని కార్తికములోనే నిర్ణయించుకొందురు గాక; వైశాఖము వచ్చిన తరువాత ఆ మిద్దెపై ఎవరును నిలువలేరు.